ఆటోఇమ్యూన్ జబ్బుతో ఉద్యోగం నిలబెట్టుకోవడం ఎలా: పనిచేసే మహిళలకు సమగ్ర మార్గదర్శి

"డాక్టరు ఉద్యోగం మానేయమనలేదు. ఇంట్లో మాత్రం అందరూ మానేయమంటున్నారు. ఏం చేయను?" ఏడాదిగా నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది. అడిగినవారిలో బ్యాంకు ఉద్యోగినులు, టీచర్లు, సాఫ్ట్‌వేర్ సంస్థల్లో చేసేవారు, ఇంటి దగ్గర మిషను కుట్టుకునేవారు ఉన్నారు. కొందరిది రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం), కొందరిది లూపస్ (చర్మం, కీళ్లు, మూత్రపిండాల వంటివాటిని దెబ్బతీసేది), ఇంకొందరిది షోగ్రెన్స్ (కళ్లు, నోరు ఎండిపోయేది) లేదా మయోసైటిస్ (కండరాల వాపు). ఇవన్నీ ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున సొంత ఒంటి మీద దాడి చేసేవి. పేర్లు వేరైనా ఇబ్బంది ఒకటే. ఒంట్లో బాగున్న రోజు ఎవరికీ తీసిపోకుండా పనిచేస్తారు. బాగాలేని రోజు జడ వేసుకోవడానికి కూడా చేయి లేవదు. రేపు ఎలాంటి రోజో ఈరోజు తెలియదు.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి పదకొండేళ్లయింది. హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మొదటి రెండేళ్లు జబ్బు దాచి ఉద్యోగం చేశాను, తర్వాత తొమ్మిదేళ్లు చెప్పి చేశాను. ఆ తేడా అనుభవించాను కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను. ఏర్పాట్లన్నీ ఒంట్లో బాగున్న రోజుల్లోనే చేసుకోవాలి. మంచం మీద నుంచి లేవలేని రోజున సెలవు నియమాలు వెతకలేం, మేనేజరుతో మాట్లాడలేం. ఈ మార్గదర్శిలో అంశాల వరుస ఆ లెక్కనే పెట్టాను. దాటవేయకుండా ఒకటి తర్వాత ఒకటి చేయండి.

మందుల గురించి ఇక్కడ రాసినవి మీ డాక్టరును అడగడానికి పనికొచ్చే విషయాలు. మోతాదు మార్చడం, ఆపడం మాత్రం మీ అంతట మీరు చేయవద్దు.

1. నాలుగు వారాల లెక్క రాయండి

ఎవరితోనూ మాట్లాడకముందు చేయాల్సిన పని ఇది. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని రోజుకు ఐదు విషయాలు రాయండి:

- నిద్ర లేచిన సమయం, కీళ్ల బిగువు వదిలిన సమయం
- నొప్పి, నిస్సత్తువ: సున్నా నుంచి పది వరకు విడివిడిగా అంకెలు
- ఆ రోజు చేయలేకపోయిన పని ఒకటి
- తేలిగ్గా సాగిన పని ఒకటి, ఏ వేళలో సాగిందో
- ముందురోజు ఏమైనా ప్రత్యేకంగా జరిగిందా: ప్రయాణం, పెళ్లి, రాత్రి నిద్ర లేకపోవడం, ఎండ, నెలసరి

పెద్దగా రాయనక్కరలేదు. నా పాత పుస్తకంలో ఒక మంగళవారం ఇలా ఉంది: "5.40కి లేచాను. వేళ్లు 7.10కి వదిలాయి. బ్రష్ మీద పేస్టు అమ్మాయి వేసింది. బస్సులో నిలబడ్డాను. 11 నుంచి 1 వరకు పని బాగా సాగింది. 3 దాటాక ఒకే బిల్లు మూడుసార్లు చదివాను." ఈ ఆరు వాక్యాలు తర్వాత డాక్టరు దగ్గరా, ఆఫీసులోనూ నాకు పనికొచ్చాయి.

నాలుగు వారాలయ్యాక పుస్తకం తిరగేయండి. మూడు విషయాలు తేలాలి. రోజులో మీ మంచి వేళ ఏది? మిమ్మల్ని నిజంగా దెబ్బతీస్తున్న పని ఏది? చెడ్డరోజుకు ముందు తరచుగా ఏం జరుగుతోంది? నాకైతే ఆశ్చర్యం కలిగించింది రెండో ప్రశ్నకు వచ్చిన జవాబు. కంప్యూటరు వల్లే అనుకున్నాను. తీరా చూస్తే బరువైన ఫైళ్లు పై అర నుంచి ఒంటిచేత్తో లాగడం, బస్సు కడ్డీని గట్టిగా పట్టుకుని నిలబడడం ఎక్కువ హాని చేస్తున్నాయి. కారణం తెలియకుండా ఏర్పాటు అడిగితే తప్పు ఏర్పాటే దొరుకుతుంది.

2. డాక్టరుకు మీ ఉద్యోగం గురించి చెప్పండి

చాలామంది నొప్పి గురించి చెప్పి వచ్చేస్తారు. మీరు రోజంతా ఏం పని చేస్తారో డాక్టరుకు తెలిస్తేనే మందు వేళలు, పరీక్షల వేళలు దానికి తగ్గట్టు మారుతాయి. ఇంకా ఎముకల డాక్టరు దగ్గరే తిరుగుతున్నట్లయితే ముందు రుమటాలజిస్టును, అంటే ఇలాంటి కీళ్ల, ఆటోఇమ్యూన్ జబ్బుల నిపుణులను కలవండి. హైదరాబాదులో ప్రభుత్వ రంగంలోనే నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది.

వెళ్లేటప్పుడు నాలుగు వారాల లెక్కను ఒక పేజీకి కుదించి తీసుకెళ్లండి. అడగాల్సినవి:

- నా జబ్బు ఇప్పుడు అదుపులో ఉందా? లేకపోతే ఎన్ని నెలల్లో తేడా కనిపించాలి?
- ఏ మందు ఏ వేళ వేసుకుంటే పనివేళల్లో ఇబ్బంది తక్కువ?
- రక్తపరీక్షలు ఎన్నాళ్లకోసారి? కంటి పరీక్ష ఎప్పుడు?
- జబ్బు తిరగబెడితే మొదటిరోజు ఏం చేయాలి? ఎవరికి ఫోను చేయాలి?
- జ్వరం వస్తే ఏ మందులు ఆపాలి, ఏవి ఆపకూడదు?
- ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేసుకోవచ్చా? ఎప్పుడు?

మెథోట్రెక్సేట్ వాడేవారికి. కీళ్లవాతంలో ఇది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. వారం రోజు పేరు మందు పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి. చాలామందికి వేసుకున్న మర్నాడు వికారం, నీరసం ఉంటాయి. అందుకే సెలవుకు ముందురోజు రాత్రి, భోజనం తర్వాత వేసుకునేలా రోజు మార్చుకోవచ్చేమో అడగండి. నేను మొదట్లో ఆదివారం రాత్రి వేసుకుని ప్రతి సోమవారం ఆఫీసులో తల తిరుగుతూ కూర్చునేదాన్ని. శుక్రవారం రాత్రికి మార్చాక సోమవారాలు నా చేతికి వచ్చాయి. వికారం మరీ ఎక్కువైతే ఇంజెక్షన్ రూపం కూడా ఉంది. ఫోలిక్ యాసిడ్ డాక్టరు రాసిన రోజున తప్పక వేసుకోండి.

స్టెరాయిడ్ వాడేవారికి. సాధారణంగా ఉదయం, ఆహారం తర్వాత. సాయంత్రం వేసుకుంటే నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాటి పని చెడుతుంది. కొన్ని వారాలకు మించి వాడినదాన్ని ఒక్కసారిగా ఆపడం ప్రమాదం.

బయోలాజిక్ ఇంజెక్షన్లు (రక్షణ వ్యవస్థలో దాడికి కారణమైన భాగాన్ని అణిచే మందులు) మొదలుపెట్టేవారికి. ముందు క్షయ, హెపటైటిస్ పరీక్షలు చేస్తారు. కొన్ని మందులు ఆసుపత్రిలో గంటల తరబడి సెలైన్‌లా ఎక్కించాలి. ఆ తేదీలు నెలల ముందే తెలుస్తాయి కాబట్టి సెలవు కూడా ముందే పెట్టుకోవచ్చు.

బయటికి వచ్చేముందు డాక్టరు దగ్గర ఒక లేఖ అడగండి. ఉత్త రోగ నిర్ధారణ కాగితం ఆఫీసుకు చాలదు. అందులో ఇవి ఉండాలి: దీర్ఘకాలిక జబ్బు, చికిత్స జరుగుతోంది, ఉద్యోగానికి అర్హురాలు, ఫలానా పనుల్లో ఫలానా సర్దుబాటు అవసరం, పరీక్షల కోసం నెలకు సుమారు ఎన్ని పూటలు కావాలి. "ఉద్యోగానికి అర్హురాలు" అన్న మాట ఆ లేఖలో తప్పనిసరిగా ఉండేలా చూసుకోండి. అది లేకపోతే అదే కాగితాన్ని మీకు వ్యతిరేకంగా చదివేవారుంటారు.

3. ఒక ఫైలు తయారుచేయండి

కాగితాలు ఒకచోట లేకపోతే ప్రతిసారీ మొదటి నుంచి పరుగులే. నాది నీలంరంగు ప్లాస్టిక్ ఫోల్డరు. నకలు ఫోనులోనూ ఉంది.

- మొదటి రోగ నిర్ధారణ కాగితం, తేదీతో
- చివరి ఆరునెలల రక్తపరీక్షలు
- ప్రస్తుతం వాడుతున్న మందుల జాబితా, మోతాదులతో
- డాక్టరు లేఖ, రెండు ప్రతులు
- నియామక పత్రం, సెలవుల నియమావళి
- ఆరోగ్య బీమా కార్డు లేదా ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కార్డు
- పని గురించి వచ్చిన మంచి మాటలు: ఈమెయిళ్లు, ఏటా ఇచ్చే మూల్యాంకనాలు

చివరిది చాలామంది మర్చిపోతారు. మీ పనిని ఎవరైనా వేలెత్తి చూపిన రోజున మీ తరఫున మాట్లాడేది ఆ కాగితాలే.

4. ఆఫీసులో ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలి

నా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో సగం దీని గురించే. చెబితే పక్కన పెడతారన్న భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. కానీ చెప్పకపోతే ఏమవుతుందో కూడా చూశాను. దాచిన రెండేళ్లలో సెలవు చీటీల్లో పదిహేడుసార్లు "జ్వరం" అని రాశాను. ఏడాది చివర మూల్యాంకనంలో "హాజరు నిలకడగా లేదు" అని వచ్చింది, పదోన్నతి చేజారింది. వాళ్ల చేతిలో ఉన్న కాగితాల ప్రకారం ఆ మాట తప్పు కూడా కాదు. జబ్బు పేరు చెప్పకపోతే దాన్ని బద్ధకం అని చదువుతారు.

కనిపించని నొప్పి గురించి చెప్పడం కష్టం. 2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని స్వయంగా ప్రకటించాక "ఆటోఇమ్యూన్" అన్న మాట చాలామంది చెవిన పడింది. అవతలివారికి ఏమీ తెలియకపోతే అక్కడి నుంచే మొదలుపెట్టండి: "ఒంట్లో రక్షణ కోసం ఉన్న వ్యవస్థే పొరపాటున సొంత కీళ్ల మీద దాడి చేస్తుంది. అంటువ్యాధి కాదు. మందులతో అదుపులో ఉంటుంది, అప్పుడప్పుడు తిరగబెడుతుంది." అంతకుమించి వివరాలు ఎవరికీ బాకీ లేరు.

ఎవరికి: నేరుగా మీ పని చూసే అధికారికి, హెచ్‌ఆర్‌కు. పక్కసీటులో నమ్మకమైనవారు ఒకరుంటే వారికి. మొత్తం విభాగానికి చెప్పవద్దు.

ఎప్పుడు: జబ్బు కొంత అదుపులోకి వచ్చాక, చేసిన పని బాగుందని మెప్పు వచ్చిన వారంలో. తిరగబెట్టిన రోజున ఏడుస్తూ చెప్పవలసి రావడం కన్నా ఇది ఎంతో మేలు.

ఎలా: ముందు ముఖాముఖి పది నిమిషాలు, అదేరోజు సాయంత్రం లిఖితపూర్వకంగా. నోటిమాట మేనేజరు మారితే పోతుంది. నమూనా ఇది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"గౌరవనీయులైన మేనేజరు గారికి,

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే దీర్ఘకాలిక జబ్బు ఉంది. క్రమం తప్పకుండా చికిత్స తీసుకుంటున్నాను. నా బాధ్యతలన్నీ నిర్వర్తించగలను. ఉదయం వేళల్లో చేతి కీళ్లు బిగుసుకుపోవడం వల్ల ఈ మూడు సర్దుబాట్లు కోరుతున్నాను: 1. పనివేళలు ఉదయం 9కి బదులు 10 నుంచి, సాయంత్రం ఒక గంట అదనంగా. 2. బరువైన ఫైళ్లు నడుము ఎత్తున ఉన్న అరలోకి మార్చడం. 3. రక్తపరీక్ష, డాక్టరు తేదీలకు నెలలో ఒక పూట అనుమతి. ఈ ఏర్పాటును మూడు నెలలు చూసి, అప్పుడు మళ్లీ సమీక్షించమని మనవి. డాక్టరు లేఖ జతచేస్తున్నాను."

ఇందులో గమనించాల్సినవి: కోరికలు మూడే. ప్రతిదీ అంకెలతో ఉంది. మూడు నెలల గడువు పెట్టడం వల్ల ఒప్పుకోవడం అవతలివారికి తేలిక. "నా వల్ల కావడం లేదు", "దయచేసి అర్థం చేసుకోండి" వంటి మాటలు ఎక్కడా లేవు. జాలి కోరితే జాలే దొరుకుతుంది, దానితోపాటు ముఖ్యమైన పనులు మీ చేతిలోంచి జారిపోతాయి.

ఒప్పుకోకపోతే? వాదించవద్దు. "వీటిలో ఏది కుదురుతుంది?" అని అడగండి. ఒకటి దొరికినా పట్టుకోండి, మిగతావి మూడు నెలల తర్వాత మళ్లీ అడగండి. నాకు మొదట దొరికింది ఫైళ్ల అర ఒక్కటే. పనివేళలు మారడానికి ఎనిమిది నెలలు పట్టింది.

5. రోజును మలుచుకోండి

శక్తిని కొంగున ముడివేసుకున్న డబ్బులా చూడండి. సాయంత్రం దాకా రావాలి. పొద్దున్నే అంతా విప్పేస్తే మూడింటికి చేతిలో ఏమీ ఉండదు.

ఉదయం. అలారం ఆఫీసు వేళకు గంటన్నర కాదు, రెండున్నర గంటల ముందు. మంచం మీదే వేళ్లు, మణికట్లు, పాదాలు మెల్లగా కదపండి. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలు చేతులు ఉంచండి. హుక్కులున్న జాకెట్టు, బిగుతు చుడీదారు పనిదినాలకు వద్దు. బట్టలు, బ్యాగు, మందుల పెట్టె రాత్రే సర్దిపెట్టుకోవాలి.

ప్రయాణం. ఒక భుజానికి వేలాడే బ్యాగుకు బదులు రెండు భుజాల మీద బరువు పడే బ్యాగు. ఆఫీసుకు, ఇంటికి విడివిడిగా చార్జర్లు, నీళ్ల సీసాలు ఉంటే మోసే బరువు సగానికి తగ్గుతుంది. లూపస్ ఉన్నవారికి ఎండే శత్రువు. మధ్యాహ్నం స్కూటీ ప్రయాణం మానండి, పొడవు చేతుల బట్టలు, గొడుగు, కనీసం ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ వాడండి. బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో కొన్ని అద్దంలోంచి కూడా వస్తాయి కాబట్టి కిటికీ పక్క సీటు వదులుకోండి.

సీటు దగ్గర. మణికట్టు వంగకుండా కీబోర్డు ఎత్తు సరిచేయండి. నలభై నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వేయండి. పెన్నుకు మెత్తటి గుడ్డ చుట్టి లావు చేస్తే వేళ్లకు పట్టు తేలికవుతుంది. పొడవైన ఈమెయిళ్లకు ఫోనులో మాటను అక్షరంగా మార్చే సదుపాయం తెలుగులోనూ పనిచేస్తుంది. ఏసీ గాలి నేరుగా పడే చోట కూర్చోవద్దు: షోగ్రెన్స్‌లో కళ్లు మండుతాయి, చలికి వేళ్లు తెల్లబడే రేనాడ్స్ ఉన్నవారికి ఇంకా కష్టం. పలచటి చేతి తొడుగులు సొరుగులో ఉంచుకోండి.

పని వరుస. మీ మంచి వేళలో రోజుకు ఒకే ఒక ముఖ్యమైన పని పెట్టుకోండి. ఫోన్లు, సంతకాలు, ఫైలింగ్ నీరసపు వేళకు వదలండి. నెలాఖరు లెక్కల ఒత్తిడి నాకు తప్పదు. అందుకే 25వ తేదీ నుంచి రోజుకు కొంత చొప్పున ముందే ముగిస్తాను, ఆ వారంలో పెళ్లిళ్లకు వెళ్లను.

టీచర్లకు. బోర్డు మీద ఎత్తుగా రాయడం భుజానికి భారం. ముఖ్యాంశాలు చార్టు మీద ముందే రాసుకోండి, ఎత్తు స్టూలు అడగండి. నోటుపుస్తకాలు ఒకేసారి నలభై దిద్దకుండా పూటకు పది.

కుట్టుపని చేసేవారికి. మిషనుకు మోటారు పెట్టించడం మొదటి ఖర్చు కావాలి. కత్తెర వేళ్లకు పెద్ద శత్రువు, కత్తిరింపు వరకు ఇంకొకరి సాయం తీసుకోండి.

నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు వేళ్లే జీతం. వారికి పనివేళలు మార్చే మేనేజరు లేరు. వారి విషయంలో అన్నిటికన్నా ముఖ్యం ఆలస్యం చేయకుండా చికిత్స మొదలుపెట్టడం. వేళ్లు వంకర తిరిగాక వెనక్కి రావు.

6. జబ్బు తిరగబెట్టే వారానికి ముందే ప్రణాళిక

తిరగబెట్టడం తప్పదన్నట్టుగానే సిద్ధపడండి. మూడు మెట్లుగా రాసుకుని బీరువా తలుపుకు అంటించండి.

మొదటి మెట్టు, సూచనలు కనిపించినప్పుడు: బిగువు మామూలు కన్నా గంట ఎక్కువ ఉంటోంది, రెండురోజులుగా నిద్ర లేదు. అదనపు పనులు, ప్రయాణాలు రద్దు. రాత్రి తొమ్మిదిన్నరకే పడక.

రెండో మెట్టు, పని తగ్గుతున్నప్పుడు: డాక్టరుకు ఫోను. మేనేజరుకు రెండు వాక్యాల సందేశం: "జబ్బు కొంచెం తిరగబెట్టింది. గురువారం వరకు ఇంటి నుంచి పనిచేస్తాను, జీఎస్టీ పని అనుకున్న తేదీకే ఇస్తాను." ఏది ఇవ్వగలరో, ఏది ఆలస్యమవుతుందో రెండూ చెప్పండి.

మూడో మెట్టు, లేవలేనప్పుడు: సెలవు. పని అప్పగింత కాగితం సిద్ధంగా ఉండాలి: ఏ ఫైలు ఎక్కడుంది, ఎవరిని అడగాలి, గడువు ఎప్పుడు. దీన్ని ప్రతి నెలా మొదటివారంలో తాజాపరచండి. నేను దీన్ని తయారుచేసిన తర్వాత సహోద్యోగుల విసుగు సగం తగ్గింది. వాళ్లకు నా సెలవు కన్నా నా పని ఎక్కడుందో తెలియకపోవడమే పెద్ద ఇబ్బందిగా ఉండేది.

జ్వరం, ఆయాసం, ఛాతీ నొప్పి, మూత్రంలో రక్తం లేదా విపరీతమైన నురగ, కాళ్లవాపు, ఉన్నట్టుండి చూపు తగ్గడం ఉంటే ఈ మెట్లేవీ చూడవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

7. సెలవులు, ఈఎస్‌ఐ, బీమా, చట్టం

ప్రభుత్వ ఉద్యోగినులు: ఏడాదికి 20 అర్ధవేతన సెలవులు ఖాతాలో చేరుతాయి. వైద్య ధ్రువపత్రంతో వాటిని పూర్తి జీతానికి మార్చుకోవచ్చు, అప్పుడు ఒక్కో రోజుకు రెండు చొప్పున తగ్గుతాయి. సాధారణ సెలవులు జనవరిలోనే వాడేయకుండా వీటి లెక్క తెలుసుకోండి.

ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవారు: నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి వర్తిస్తుంది. ఆరునెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉంటే, వైద్య ధ్రువపత్రంతో ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అనారోగ్య భత్యంగా వస్తుంది. ఈఎస్‌ఐ డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రమే చెల్లుతుంది, కాబట్టి జబ్బు వివరాలు అక్కడ ముందే నమోదై ఉండాలి.

వైకల్య ధ్రువపత్రం: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల వ్యవస్థను దెబ్బతీసే ఆటోఇమ్యూన్ జబ్బు) పేరుతోనే ఉంది. కీళ్లవాతం పేరుతో లేదు. కానీ కీళ్లు దెబ్బతిని కదలిక తగ్గితే చలన వైకల్యం కింద పరిశీలిస్తారు. 40 శాతం, అంతకు మించి ఉంటే ప్రయోజనాలు వర్తిస్తాయి. మన రెండు రాష్ట్రాల్లో సదరం శిబిరాల ద్వారా పరీక్ష జరుగుతుంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ కారణంతో తొలగించడం గానీ హోదా తగ్గించడం గానీ చేయకూడదని ఇదే చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది. ప్రైవేటు సంస్థలు సైతం సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. హెచ్‌ఆర్‌ను దాని ప్రతి అడగండి.

బీమా: కొత్త పాలసీ తీసుకునేటప్పుడు జబ్బు దాచవద్దు. 2024 నిబంధనల ప్రకారం ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్లకు మించకూడదు. కంపెనీ సామూహిక పాలసీల్లో చాలావాటికి ఈ నిరీక్షణ ఉండదు, కానీ ఉద్యోగం మానిన వెంటనే ఆ రక్షణ పోతుంది. అందుకే ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ మొదలుపెట్టండి, మూడేళ్ల గడియారం తిరగడం మొదలవుతుంది. నెలవారీ మందుల ఖర్చు చాలా పాలసీల్లో రాదు. కొన్ని మందులకు జనఔషధి కేంద్రాల్లో ధర బాగా తక్కువ, వైద్యుడిని అడిగి చూడండి.

అమెరికాలో ఉన్నవారు: 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థలో ఏడాది, 1,250 గంటలు పనిచేసి ఉంటే కుటుంబ వైద్య సెలవు చట్టం కింద 12 వారాల జీతంలేని సెలవు ఉంటుంది. దాన్ని ఒకేసారి కాకుండా విడతలుగా, గంటల లెక్కన కూడా వాడుకోవచ్చు. తిరగబెట్టే జబ్బుకు ఈ విడతల సదుపాయమే ముఖ్యం.

8. ఇంటి పనిని కూడా లెక్కలో వేయండి

దీన్ని ఎవరూ మార్గదర్శుల్లో రాయరు. ఆఫీసులో గంట మిగుల్చుకుని ఇంట్లో మూడు గంటలు ఖర్చుపెడితే లాభం లేదు. నా అనుభవంలో కీళ్లను ఎక్కువగా అరగదీసేవి తడిబట్టలు పిండడం, గ్రైండరు రాయి ఎత్తడం, కుక్కరు మూత తిప్పడం, కొబ్బరి తురమడం.

ఇంట్లో "సాయం చేయండి" అని అడగవద్దు. పేరుపేరునా పని అప్పగించండి. మా ఇంట్లో పిండి రుబ్బడం, గిన్నెలోకి తీయడం మావారి పని. బట్టలు ఆరేయడం పిల్లలది. మొదట్లో మా అత్తయ్య బాధపడ్డారు. ఒకరోజు పొద్దున ఆరింటికి నా వేళ్లు ఆవిడ చేతిలో పెట్టి, "అత్తయ్యా, మడవమంటే మడవలేకపోతున్నాను, మీరే చూడండి" అన్నాను. వాచి, వెచ్చగా, బిగుసుకుపోయిన ఆ వేళ్లను కాసేపు పట్టుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

బరువు ఎత్తక తప్పనప్పుడు వేళ్ల మీద కాకుండా రెండు అరచేతులు, ముంజేతుల మీద మోయండి. సీసా మూత అరచేత్తో నొక్కి తిప్పండి.

9. గర్భం గురించి ఆలోచిస్తుంటే

కనీసం ఆరునెలల ముందు మొదలుపెట్టాల్సిన ప్రణాళిక ఇది. మెథోట్రెక్సేట్ బిడ్డకు హాని చేస్తుంది. గర్భం కోసం ప్రయత్నించడానికి సాధారణంగా మూడు నెలల ముందే ఆపిస్తారు, అప్పటిదాకా గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. మైకోఫెనొలేట్, లెఫ్లునొమైడ్ అనే మందులు కూడా వాడకూడనివే. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందును మాత్రం గర్భంలోనూ కొనసాగిస్తారు. లూపస్ ఉన్నవారికి జబ్బు కనీసం ఆరునెలలు ప్రశాంతంగా ఉన్నాకే డాక్టర్లు ప్రయత్నించమంటారు.

మందు మార్చే నెలల్లో జబ్బు తిరగబెట్టవచ్చు. ఆ నెలల్లో కొత్త ప్రాజెక్టు, బదిలీ పెట్టుకోవద్దు. కీళ్లవాతం గర్భంలో చాలామందికి నెమ్మదించి, ప్రసవమైన కొద్ది నెలల్లో మళ్లీ ఎగబాకుతుంది. మొదటి ఇద్దరు పిల్లలకు చట్టప్రకారం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. ఆరోగ్యం అనుమతిస్తే అందులో ఎక్కువ భాగం ప్రసవం తర్వాతకే ఉంచుకోండి. ఆ పైన కొన్నాళ్లు ఇంటి నుంచి పనిచేసే విషయం సెలవుకు వెళ్లేముందే రాతపూర్వకంగా మాట్లాడుకోండి.

10. పదోన్నతి, ఉద్యోగ మార్పు

జబ్బు ఉందని పదోన్నతికి దరఖాస్తు చేయకపోవడం నేను ఎక్కువగా చూసిన నష్టం. పై పదవిలో చాలాసార్లు చేతిపని తగ్గి, వేళల మీద అధికారం పెరుగుతుంది. అడిగి తెలుసుకున్నాకే వద్దనుకోండి.

ఇంటర్వ్యూలో జబ్బు గురించి మీ అంతట మీరు చెప్పనక్కరలేదు. వైద్య పరీక్ష పత్రంలో రాతపూర్వకంగా అడిగితే మాత్రం నిజమే రాయండి. ఇంటర్వ్యూలో ఆరా తీయాల్సినవి వేరు: పనివేళల్లో వెసులుబాటు, రాత్రి షిఫ్టులు, బీమా మొదటిరోజు నుంచి ఉందా, ఆఫీసుకు ఎక్కాల్సింది మెట్ల మీదా లిఫ్టులోనా.

రాజీనామాకు ముందు సరిచూసుకోండి:

- రెండు నెలల మందులు చేతిలో ఉన్నాయా?
- రక్తపరీక్షలు, చేయాల్సిన స్కాన్లు పాత బీమాలో పూర్తయ్యాయా?
- కొత్త బీమా ఏ తేదీ నుంచి మొదలు?
- రెండు ఉద్యోగాల మధ్య పదిరోజుల విశ్రాంతి ఉందా?

11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

బాగున్న రోజున అరిగేదాకా పనిచేయడం. మిగిలిపోయినదంతా ఒకేరోజు తేల్చేస్తే తర్వాత మూడు రోజులు పోతాయి. బాగున్న రోజున కూడా మీరు నిర్ణయించుకున్న వేళకే ఆపండి. నాకు ఇది అలవాటు కావడానికి అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది.

పని గడువు దగ్గర పడిందని మందుల దుకాణంలో స్టెరాయిడ్ అడిగి కొనుక్కోవడం. రెండురోజులు అద్భుతంగా ఉంటుంది, తర్వాత జబ్బు రెట్టింపుగా లేస్తుంది. ఇప్పటికే చేసి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి, ఒక్కసారిగా ఆపవద్దు.

నొప్పి మాత్రలు రోజూ మింగడం. మూత్రపిండాలు, కడుపు దెబ్బతింటాయి. రోజూ అవసరమవుతోందంటే అసలు చికిత్స సరిపోవడం లేదని అర్థం. అనుకున్న తేదీ కన్నా ముందే డాక్టరును కలవండి.

తగ్గిందని మందులు ఆపడం. తగ్గింది మందుల వల్లే. ఎవరో చెప్పిన పసరు మందు కోసం ఆపినవారు వంకర తిరిగిన వేళ్లతో తిరిగి రావడం చూశాను. ఆపేసి ఉంటే ఈ వారంలోనే రుమటాలజిస్టును కలవండి.

రక్తపరీక్షలు వాయిదా వేయడం. మందులు కాలేయం మీద, రక్తకణాల మీద ఏం చేస్తున్నాయో అవే చెబుతాయి. ఉదయం ఇంటికి వచ్చి నమూనా తీసుకునే ల్యాబు పెట్టుకుంటే సెలవు కూడా అక్కరలేదు.

నీరసాన్ని ఒక్క జబ్బుకే అంటగట్టడం. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, దిగులు కూడా కారణం కావచ్చు. వీటికి విడిగా వైద్యం ఉంది. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూపించుకోండి. పది, పదిహేను రోజులుగా దేని మీదా మనసు నిలవకపోతే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి.

ఈ వారంలో చేయాల్సినవి

- నోటుపుస్తకం కొని ఈ రాత్రే మొదటి పేజీ రాయండి
- మెథోట్రెక్సేట్ వాడుతుంటే పెట్టె మీద వారం పేరు రాయండి
- సెలవుల నియమావళి, బీమా కాగితం తెప్పించుకోండి
- పై అరలో ఉన్న బరువులు, ఇంట్లోనూ ఆఫీసులోనూ, కిందికి దింపించండి
- ఇంట్లో ఒక పని ఒకరికి పూర్తిగా అప్పగించండి
- నాలుగు వారాల తర్వాతి తేదీకి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి